అయాన్‌ను తూకం వేసే తరంగం: తోకచుక్క దగ్గర సౌర పవనం ఎందుకు ఊగుతుంది?

సూర్యుడి నుంచి ఎడతెగకుండా వీచే ఆవేశిత కణాల ప్రవాహమే సౌర పవనం. భూమి ఉన్న దూరంలో అది తనతో లాక్కొచ్చే అయస్కాంత క్షేత్రం బలం సుమారు 5 నానోటెస్లాలు. దిక్సూచి ముల్లును తిప్పే భూ అయస్కాంత క్షేత్రంలో ఇది దాదాపు పదివేల వంతు. అంత పలుచని క్షేత్రంలో నీటి అయాన్ (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న నీటి అణువు) ఒకటి ఒక చుట్టు తిరిగి రావడానికి 236 సెకన్లు పడుతుంది, అంటే నాలుగు నిమిషాలకు నాలుగు సెకన్లు తక్కువ. తోకచుక్కల పక్క నుంచి దూసుకెళ్లిన నౌకల మాగ్నెటోమీటర్లలో (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాల్లో) క్షేత్రం ఊగినప్పుడు, ఆ ఊపు లయ తరచూ ఈ లెక్కకే సరిపోతుంది. క్షేత్రం రెట్టింపైతే ఆవర్తన కాలం సగమవుతుంది, అంతే తేడా.

తిరిగేది అయాన్ కాబట్టి దాని లయే వినిపిస్తోంది, ఇందులో వింతేముంది అనిపించవచ్చు. తిరకాసంతా అక్కడే ఉంది. అదే తరంగాన్ని సౌర పవనంతో పాటు కొట్టుకుపోతూ కొలిస్తే ఒక ఊపుకు 27 నిమిషాలు పట్టవచ్చు, అదీ ఎదురు దిశలో మెలి తిరుగుతూ. రెండు కొలతలూ నిజమే. ఈ రెండింటి మధ్య ముడి ఎలా పడిందో చూడాలంటే గ్యాస్ దగ్గర మొదలుపెట్టాలి.

గ్యాస్ పరుచుకునే దూరం

తోకచుక్క కేంద్రకం కొన్ని కిలోమీటర్ల మంచు, ధూళి ముద్ద. ఎండకు మంచు నేరుగా ఆవిరవుతుంది. ఆ ఆవిరిని పట్టి ఉంచేంత గురుత్వం ముద్దకు లేదు కాబట్టి అణువులు సెకనుకు ఒక కిలోమీటరుకు అటూఇటూ వేగంతో అన్ని వైపులకూ వెళ్లిపోతూనే ఉంటాయి. 1986 మార్చిలో హాలీ తోకచుక్క సెకనుకు దాదాపు 7 × 10²⁹ అణువులను, అంటే సుమారు 20 టన్నుల నీటిని వదిలింది. 1992లో జోట్టో నౌక పలకరించిన గ్రిగ్-స్కెల్లెరప్ తోకచుక్క ఇందులో వందో వంతు స్థాయిది.

ఈ అణువులు విద్యుదావేశం లేనివి. అందుకే సౌర పవనానికి అవి ఉన్నట్టే తెలియదు. ఘన సెంటీమీటరుకు ఐదారు ప్రోటాన్లుండే ఆ పలుచని ప్రవాహం వాటి మధ్య నుంచి ఏమీ తగలనట్టు సాగిపోతుంది. అణువు అయాన్ అయిన క్షణం నుంచే కథ మారుతుంది. అలా అవడానికి మూడు దారులున్నాయి: సూర్యుడి అతినీలలోహిత కాంతి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టవచ్చు, సౌర పవనంలోని ప్రోటాన్ దాన్ని లాక్కుని తాను తటస్థ హైడ్రోజన్‌గా వెళ్లిపోవచ్చు, లేదా వేగమైన ఎలక్ట్రాన్ ఒకటి వచ్చి ఢీకొట్టవచ్చు. భూమి దూరంలో మొత్తం మీద ఇందుకు పట్టే కాలం పది లక్షల సెకన్ల స్థాయిలో ఉంటుంది. సెకనుకు కిలోమీటరు చొప్పున ఈలోగా గ్యాస్ పది లక్షల కిలోమీటర్లు పరుచుకుంటుంది. పది కిలోమీటర్ల ముద్ద, లక్షల కిలోమీటర్ల అడ్డంకిగా మారడం వెనకున్న లెక్క ఇంతే.

ఇక్కడ ఒక సవరణ అవసరం. నీటి అణువు అంతకాలం నీటి అణువుగా మిగలదు. సూర్యకాంతికి ఒక రోజులోపే హైడ్రాక్సిల్‌గా, హైడ్రోజన్‌గా విడిపోతుంది. కాబట్టి దూరంగా పుట్టే బరువైన అయాన్లలో ఎక్కువ భాగం ఆక్సిజన్‌వి, హైడ్రాక్సిల్‌వి. దగ్గరికి వచ్చేకొద్దీ నీటివి, మరో ప్రోటాన్‌ను కలుపుకున్న హైడ్రోనియంవి. ద్రవ్యరాశి సంఖ్యలు 16 నుంచి 19. వీటిని కలిపి నీటి కుటుంబం అయాన్లు అనడం అలవాటు. అలా కలిపేయడానికి కారణం బద్ధకం మాత్రం కాదు, ఆ సంగతి కొలతల దగ్గర తెలుస్తుంది.

పుట్టిన క్షణం

కొత్త అయాన్ తోకచుక్క దృష్టిలో దాదాపు కదలకుండా ఉంది. దాని సెకనుకు ఒక కిలోమీటరు వేగం, సౌర పవనపు సెకనుకు 400 కి.మీ. ముందు లెక్కలోకి రాదు. కానీ దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం 400 కి.మీ. వేగంతో కదిలిపోతోంది. కదిలే అయస్కాంత క్షేత్రం నిలబడి ఉన్న ఆవేశానికి విద్యుత్ క్షేత్రంగా అనిపిస్తుంది. ప్రవాహం, క్షేత్రం ఒకదానికొకటి లంబంగా ఉంటే అది మీటరుకు 2 మిల్లీవోల్టులు. ఆ చిన్న తోపుకే అయాన్ కదులుతుంది, కదలగానే అయస్కాంత క్షేత్రం దాన్ని వంచుతుంది. ఫలితంగా వచ్చే దారి, దొర్లే చక్రం అంచున అంటుకున్న గులకరాయి గీసే దారి లాంటిది. వేగం సున్నా నుంచి 800 కి.మీ. వరకు పెరిగి మళ్లీ సున్నాకు వస్తుంది. చక్రం వ్యాసార్థం 15,000 కి.మీ. ఒక్కో దొర్లుకు అయాన్ 94,000 కి.మీ. ప్రవాహ దిశలో కొట్టుకుపోతుంది.

సౌర పవనం అయాన్‌ను ఇలా ఎత్తుకుపోవడం వల్లే వీటికి పికప్ అయాన్లని పేరు. సౌర పవనంతో పాటు కదులుతూ చూస్తే ఈ చిత్రం ఇంకా సులువవుతుంది: అక్కడ విద్యుత్ క్షేత్రం ఉండదు, అయాన్లే సూర్యుడి వైపు 400 కి.మీ. వేగంతో ఎదురొస్తున్నట్టు ఉంటుంది. ఆ వేగంలో క్షేత్ర రేఖ వెంట ఉన్న భాగం అలాగే సాగుతుంది, అడ్డంగా ఉన్న భాగం తిరుగుడుగా మారుతుంది. అన్ని అయాన్లూ ఒకే వేగంతో పుడతాయి కాబట్టి, వేగాల పటం వేస్తే అవన్నీ ఒక సన్నని వలయం మీద బారులు తీరి కనిపిస్తాయి. ప్రవాహానికీ క్షేత్రానికీ మధ్య కోణం చిన్నదైతే ఆ వలయం ముడుచుకుని ఒక పుంజమవుతుంది, లంబమైతే నిలబడిపోయిన ఉంగరమవుతుంది. భూమి దూరంలో సౌర క్షేత్రం సర్పిలంగా వంగి సగటున 45 డిగ్రీల దగ్గర ఉంటుంది గనుక మామూలుగా రెండూ కొంత కొంత.

ఒక్కో అయాన్ శక్తి 15 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు. అదే వేగంతో వెళ్లే సౌర పవన ప్రోటాన్‌కు ఉన్నది ఒక కిలో ఎలక్ట్రాన్‌వోల్టు కన్నా తక్కువ. ఇంత శక్తి, ఇంత క్రమశిక్షణతో ఒకే వలయంలో నిలబడి ఉండటం ప్లాస్మాకు (ఆవేశిత కణాల గుంపుకు) సహించదు. అణువులు సౌర పవనంలో అయాన్లుగా మారితే ఇలాంటి అస్థిరత పుట్టి తరంగాలు పెరగాలని భౌతిక శాస్త్రవేత్తలు సి.ఎస్. వూ, ఆర్.సి. డేవిడ్‌సన్ 1972లోనే లెక్కగట్టారు. అప్పటికి ఏ నౌకా తోకచుక్క దరిదాపులకు వెళ్లలేదు.

అడుగు కలవడం

తరంగం పెరగాలంటే అయాన్ నుంచి శక్తి నిలకడగా దానికి చేరాలి. ఊయలను తోసేవాడు లయ తప్పితే ఒకసారి ఇచ్చింది మరోసారి తిరిగి తీసుకుంటాడు, చివరికి మిగిలేది సున్నా. ఇక్కడా అంతే. అయాన్ క్షేత్ర రేఖ వెంట ప్రయాణిస్తూ చూసినప్పుడు, తరంగంలోని క్షేత్రం తన చుట్టుతో సమానమైన వేగంతో, తాను తిరిగే వైపే తిరుగుతూ కనిపించాలి. అప్పుడు మాత్రమే ఇద్దరికీ అడుగు కలుస్తుంది. దీన్నే సైక్లోట్రాన్ అనునాదం అంటారు. ఈ షరతును కాగితం మీద పెట్టి చదివితే ఇలా ఉంటుంది: అయాన్ వెంట కదిలే చట్రంలో, అంటే అయాన్‌తో పాటు కదులుతూ కొలిస్తే, తరంగ పౌనఃపున్యం, అయాన్ తిరుగుడు పౌనఃపున్యంతో సమానం.

ఇప్పుడు మొదట వేసుకున్న చిక్కు విడిపోతుంది. క్షేత్ర రేఖ వెంట కొత్త అయాన్ వేగం తోకచుక్క చట్రంలో సున్నా. నౌక కూడా తోకచుక్కతో పోలిస్తే నెమ్మదిగానే కదులుతోంది. అంటే అయాన్ చట్రం, తోకచుక్క చట్రం, నౌక చట్రం ఈ లెక్క వరకు దాదాపు ఒకటే. కాబట్టి సౌర పవనంలో తరంగం అసలు పౌనఃపున్యం ఏదైనా, తరంగదైర్ఘ్యం ఎంతైనా, నౌకకు మాత్రం అయాన్ తిరుగుడు పౌనఃపున్యమే వినిపించాలి. అది అస్థిరత విధించిన షరతు, కాకతాళీయం కాదు.

అంకెలు వేసి చూద్దాం. ప్రవాహం, క్షేత్రం ఒకే వరుసలో ఉన్నాయనుకుందాం. సౌర పవనంలో ఇలాంటి తరంగం కదిలే ఆల్ఫ్వెన్ వేగం సుమారు 50 కి.మీ. తరంగం అయాన్ల దిశలోనే, అంటే సూర్యుడి వైపు, సెకనుకు 50 కి.మీ. చొప్పున ఎదురీదుతుంది. అయాన్లు 400తో దాన్ని దాటి పోతుంటాయి. తేడా 350. అయాన్ 236 సెకన్లలో ఒక చుట్టు పూర్తి చేసేలోపు ఒక పూర్తి తరంగాన్ని దాటాలి కాబట్టి తరంగదైర్ఘ్యం 350 × 236, దాదాపు 82,600 కి.మీ. అంత పొడవైన తరంగం 50 కి.మీ. వేగంతో ఒక ఊపు పూర్తి చేయడానికి 1,650 సెకన్లు, అంటే 27 నిమిషాలు కావాలి. సౌర పవనంతో పాటు కొట్టుకుపోయేవాడు కొలిచేది ఇదే. నౌక దగ్గరికి వచ్చేసరికి, ఎదురీదాలనుకున్న ఆ తరంగాన్ని ప్రవాహం 350 కి.మీ. నికర వేగంతో వెనక్కి లాక్కుపోతుంది, అప్పుడు ఒక్కో శిఖరం 236 సెకన్లకొకటి దాటిపోతుంది.

మెలి దిశ తిరగబడటం కూడా ఇందులోనిదే. ప్రవాహ చట్రంలో ఈ తరంగం క్షేత్రం చుట్టూ కుడివైపు తిరిగేది. వెనక్కి కొట్టుకుపోతున్నప్పుడు నౌకకు దాని భాగాలు తలకిందుల వరుసలో, అంటే సినిమా వెనక్కి నడిచినట్టు కనిపిస్తాయి. కుడి ఎడమ అవుతుంది. ధన అయాన్లు సహజంగా తిరిగేదీ ఎడమ వైపే. అందుకే నౌక నమోదు చేసిన ఎడమ ధ్రువణం, అంటే ఎడమ మెలి, చూసి ఇది అయాన్ సైక్లోట్రాన్ తరంగమని వెంటనే తీర్పు చెప్పేస్తే పొరపాటు. ప్రవాహ వేగాన్ని, కోణాన్ని పక్కన పెట్టి ధ్రువణం ఒక్కటే పట్టుకుని వేలాడటం ఈ రంగంలో కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు.

కోణం లంబానికి దగ్గరపడితే పరిస్థితి మారుతుంది. క్షేత్ర రేఖ వెంట అయాన్లకు వేగం ఉండదు, ఉంగరమే మిగులుతుంది. అప్పుడు పెరిగేది నిజమైన ఎడమ మెలి అయాన్ సైక్లోట్రాన్ తరంగం. దానితో పోటీగా, ఎక్కడికీ కదలకుండా క్షేత్రం ఒకచోట నొక్కుకుపోయి మరోచోట వదులయ్యే మిర్రర్ తరంగాలు కూడా రావచ్చు. సైక్లోట్రాన్ తరంగం విషయంలో నౌకకు వినిపించే పౌనఃపున్యం మాత్రం పాతదే. కోణం మారితే తరంగం జాతి మారుతుంది, నౌక వినే లయ మారదు.

నౌకలు చూసినవి

తొలి కొలత 1985 సెప్టెంబరు 11న జరిగింది. 1978లో వేరే పని కోసం ప్రయోగించిన ఐఎస్ఈఈ-3 నౌకను చంద్రుడి పక్క నుంచి తిప్పి, ఐసీఈ అని పేరు మార్చి, జియాకోబినీ-జిన్నర్ తోకచుక్క తోక గుండా కేంద్రకానికి సుమారు 7,800 కి.మీ. దూరంలో పంపారు. దానికి కెమెరా లేదు. కానీ ప్లాస్మా, క్షేత్ర పరికరాలు పుష్కలంగా ఉన్నాయి. మాగ్నెటోమీటర్‌లో దాదాపు 100 సెకన్ల ఆవర్తన కాలంతో పెద్ద పెద్ద ఊపులు కనిపించాయి. నీటి కుటుంబం అయాన్లకు 8 నుంచి 12 నానోటెస్లాల మధ్య వచ్చే కాలం 150 నుంచి 100 సెకన్లు. వూ, డేవిడ్‌సన్‌ల కాగితం లెక్క పదమూడేళ్లకు ప్రాణం పోసుకుంది.

ఆ ఊపులు చిన్నవి కావు. ఊపు పరిమాణం నేపథ్య క్షేత్రంతో పోల్చదగినంత ఉంది. అంత పెద్ద తరంగం నునుపైన అలగా మిగలదు. శిఖరం దగ్గర వేగం ఎక్కువ, లోయ దగ్గర తక్కువ కాబట్టి ముందంచు నిటారుగా లేస్తుంది. ఆ నిటారు అంచు నుంచి సుమారు మూడు సెకన్ల కాలంతో ఉండే, విస్లర్లని పిలిచే చిన్న వేగవంతమైన తరంగాల గుత్తి విడిపోతుంది. ఐసీఈ రికార్డులో ఒక విచిత్రం: నిటారు అంచు, విస్లర్ గుత్తి, ఒక్కో ఊపులో చివర వచ్చాయి. తరంగం సూర్యుడి వైపు ఎదురీదుతూ ఉంది కనుక దాని ముందంచు సూర్యుడి వైపున ఉంటుంది. ప్రవాహం దాన్ని వెనక్కి లాగుతుంటే నౌకను మొదట దాటేది తోక భాగం, ఆఖర దాటేది ముఖం. 82,600 కి.మీ. లెక్కలో వాడిన ఎదురీత ఊహ సరైనదేనని చెప్పడానికి నాకు దీనికన్నా శుభ్రమైన సాక్ష్యం కనిపించదు.

1986 మార్చిలో హాలీ దగ్గరికి ఒక దండే వెళ్లింది: సోవియట్ వేగా నౌకలు రెండు, జపాన్ నౌకలు సుయిసే, సకిగకే, ఐరోపా జోట్టో. జోట్టో 14వ తేదీన కేంద్రకానికి 596 కి.మీ. దూరం దాకా వెళ్లింది. అంత గ్యాస్ ఉన్నచోట తరంగాలు ఇంకా అందంగా కనిపిస్తాయని అనుకుంటే నిరాశే ఎదురవుతుంది. ఒకచోట పుట్టిన తరంగాలు, మరోచోట పుట్టి కొట్టుకొచ్చిన తరంగాలు, వాటి కొట్లాటలో పుట్టిన చిన్న తరంగాలు కలిసిపోయి, వర్ణపటం విశాలమైన పౌనఃపున్యాల మీద పరుచుకున్న అల్లకల్లోలంగా కనిపించింది. ఆరేళ్ల తర్వాత, 1992 జులై 10న అదే జోట్టో, హాలీ ధూళి దెబ్బలకు కెమెరా పోగొట్టుకున్న తర్వాత, బలహీనమైన గ్రిగ్-స్కెల్లెరప్ పక్క నుంచి సుమారు 200 కి.మీ. దూరంలో వెళ్లినప్పుడు పాఠ్యపుస్తకంలో గీసినంత శుభ్రమైన, ఒకే లయ గల ఎడమ మెలి తరంగాలు దొరికాయి. అయాన్ల పటాల్లోనూ తేడా స్పష్టంగా ఉంది: హాలీ దగ్గర వలయాలు చెదిరి గోళపు పెంకుల్లా పరుచుకున్నాయి, గ్రిగ్-స్కెల్లెరప్ దగ్గర చాలా మేర వలయాలుగానే మిగిలాయి. అయాన్ ఒక చుట్టు తిరిగేలోపే 94,000 కి.మీ. కొట్టుకుపోతుందని గుర్తు చేసుకుంటే కారణం తెలుస్తుంది. వలయం చెదరడానికి కొన్ని చుట్లు కావాలి. చిన్న తోకచుక్కకు అంత స్థలం లేదు.

వలయం చెదిరి పెంకు అయినప్పుడు పోయిన శక్తి తరంగాలకు చేరుతుంది. ఎదురీదే తరంగంతో పాటు కదిలే చట్రంలో అయాన్ శక్తి మారదు, దిశ మాత్రమే మారుతుంది. ఆ చట్రం 50 కి.మీ. వేగంతో కదులుతోంది కాబట్టి సౌర పవన చట్రానికి తిరిగొచ్చి లెక్క చూస్తే నష్టం తేలుతుంది. ఒకే దిశ తరంగాలతోనే పూర్తిగా చెదిరిందనుకుంటే అయాన్ తన 15 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల్లో సుమారు ఐదో వంతు ఇచ్చుకోవాలి. ఈ చెదరగొట్టుడు సౌర పవనానికీ ముఖ్యమే. కొత్త అయాన్లు మోపిన బరువును ప్రవాహం అంతటా పంచేది తరంగాలే.

ఆ బరువుకు ఒక హద్దు ఉంది. 1967లో శాస్త్రవేత్తలు బీర్మన్, బ్రోసోవ్‌స్కీ, ష్మిట్ చూపినట్టు, బరువు మోస్తూ నెమ్మదించే సూపర్‌సోనిక్ ప్రవాహం ఒక మేర దాటి సాఫీగా సాగలేదు, ఆఘాత తరంగం (ప్రవాహం ఒక్కసారిగా నెమ్మదించే సరిహద్దు) ఏర్పడాల్సిందే. ఆ మేర ద్రవ్యరాశి ప్రవాహం మొదటి దానికి 25/16 రెట్లు, అంటే 56 శాతం ఎక్కువ. అయాన్ల వేడి ఎన్ని దిశల్లో పంచుకుందన్న దాన్ని బట్టి ఇది 4/3కి కూడా తగ్గవచ్చు. ఒక్కో అయాన్ పద్దెనిమిది ప్రోటాన్ల బరువు కాబట్టి సంఖ్యలో 2, 3 శాతం చేరితే చాలు. హాలీకి ఈ గీత సుమారు 11 లక్షల కిలోమీటర్ల దగ్గర దొరికింది.

కొలిచేటప్పుడు దెబ్బతినే చోట్లు

చూడటానికి పని సులువు. క్షేత్రం సగటు బలం కొలవాలి, ఊపు పౌనఃపున్యం కొలవాలి. ప్రోటాన్ పౌనఃపున్యం నానోటెస్లాకు 15.25 మిల్లీహెర్ట్జ్. దాన్ని సగటు క్షేత్రంతో గుణించి, కొలిచిన పౌనఃపున్యంతో భాగిస్తే అయాన్ ద్రవ్యరాశి సంఖ్య వస్తుంది. 5 నానోటెస్లాల క్షేత్రంలో 4.2 మిల్లీహెర్ట్జ్ ఊపు వస్తే, 76 భాగించు 4.2, అంటే 18. మాగ్నెటోమీటర్ తక్కెడగా మారిపోయింది. ఇంత తేలిగ్గా కుదరకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి.

మొదటిది స్థలం. 17, 18 సంఖ్యల మధ్య పౌనఃపున్యం తేడా ఆరు శాతం లోపే. ఆ తేడా విడదీయాలంటే కనీసం పదిహేడు, పద్దెనిమిది ఊపులు వరుసగా రికార్డు చేయాలి. 236 సెకన్ల చొప్పున అది గంటా పది నిమిషాలు. హాలీ దగ్గర 68 కి.మీ. వేగంతో వెళ్లిన జోట్టో ఆ సమయంలో దాదాపు 2,90,000 కి.మీ. దాటేస్తుంది, ఆలోగా క్షేత్రం ఆరు శాతం కన్నా ఎంతో ఎక్కువే మారుతుంది. ఇక తరంగమే నేపథ్య క్షేత్రమంత పెద్దదైతే సగటు క్షేత్రం అనే మాటకే అర్థం పలచబడుతుంది. 16 నుంచి 19 దాకా అన్నిటినీ నీటి కుటుంబమని ఒకే గాటన కట్టేది ఇందుకే. ప్రోటాన్‌ను నీటి కుటుంబం నుంచి విడదీయడం మాత్రం ఇబ్బంది లేని పని, పదిహేడు రెట్ల తేడా కదా.

రెండోది నౌక సొంత కదలిక. నౌక తోకచుక్కతో పోలిస్తే నెమ్మది అన్నాను, కానీ ఎంత నెమ్మది? ఇంతకుముందు లెక్కలో తరంగం 350 కి.మీ. వేగంతో నౌకను దాటుతోంది. నౌక 14 కి.మీ. వేగంతో కదిలితే వచ్చే డాప్లర్ తేడా (కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే మార్పు) గరిష్ఠంగా 4 శాతం; గ్రిగ్-స్కెల్లెరప్ దగ్గర జోట్టో పరిస్థితి అది. హాలీ దగ్గర 68 కి.మీ.కు అది 19 శాతం దాకా వెళ్లవచ్చు. సరిదిద్దకపోతే ఆక్సిజన్ కాస్తా హైడ్రోనియం అయిపోతుంది, లేదా ఏ అయాన్‌కూ సరిపోని సంఖ్య వస్తుంది. సరిదిద్దాలంటే తరంగం ఏ దిశలో వెళ్తోందో తెలియాలి. దాని కోసం క్షేత్రం ఊపు అతి తక్కువగా ఉన్న దిశను వెతుకుతారు. తరంగం ప్రయాణించేది ఆ గీత వెంటే. కానీ ఆ గీత మీద ఇటా, అటా అన్నది ఒక్క నౌక మాగ్నెటోమీటర్ చెప్పలేదు. పైగా మధ్యస్థ దిశలోని ఊపు, కనిష్ఠ దిశలోని ఊపు కన్నా ఎన్నో రెట్లు పెద్దదిగా లేకపోతే ఆ గీత కూడా నమ్మదగినది కాదు. రేఖా ధ్రువణం ఉన్న, అంటే తిరగకుండా ఒకే గీత మీద ఊగే తరంగానికి ఈ పద్ధతి వాడి కచ్చితమైన దిశ ప్రకటించిన పట్టికలు చూస్తే పక్కన పెట్టేయడం మంచిది.

మూడోది దొంగ ఊపులు. నౌకలోని విద్యుత్ ప్రవాహాలు, రియాక్షన్ వీల్స్ (నౌక ముఖం తిప్పే చక్రాలు), ఎండ మారినప్పుడు సెన్సర్ వేడి మారి సున్నా బిందువు జరగడం, ఇవన్నీ నానోటెస్లా స్థాయిలో కనిపిస్తాయి. తిరిగే నౌకలో తిరుగుడు లయ కూడా చొరబడుతుంది. జోట్టోది నాలుగు సెకన్లకు ఒక చుట్టు. మిల్లీహెర్ట్జ్ తరంగాలకు అది చాలా దూరం, మూడు సెకన్ల విస్లర్లకు మాత్రం పక్కిల్లే. దాంతోపాటు ఆఘాత తరంగం నుంచి వెనక్కి తన్నుకొచ్చిన ప్రోటాన్లు కూడా తరంగాలు పుట్టిస్తాయి. వాటి పౌనఃపున్యం క్షేత్రంతో, వేగంతో కలిసి వేరే విధంగా మారుతుంది కాబట్టి, ఒక్క చోటి కొలత చాలదు. క్షేత్రం బలం మారిన చాలా చోట్ల పౌనఃపున్యం దానితో నేరుగా పెరుగుతోందా అని చూడాలి. అలా పెరిగితేనే అయాన్ తిరుగుడు లయ.

ఆ పరీక్షలో తప్పిన తోకచుక్క

2014 ఆగస్టు 6న రోజెటా నౌక 67పి/చుర్యుమోవ్-గెరాసిమెంకో దగ్గరికి చేరింది. అంతకుముందు నౌకలన్నీ గంటల్లో దాటిపోయినవి, ఇది రెండేళ్లకు పైగా వెంట ఉంది. అప్పటికి తోకచుక్క సూర్యుడికి భూమి కన్నా మూడున్నర రెట్లకు పైగా దూరంలో ఉంది, గ్యాస్ వెలువరింత హాలీతో పోలిస్తే వేలవంతు కన్నా తక్కువ. అంత నీరసమైన తోకచుక్క దగ్గర మాగ్నెటోమీటర్‌లో 40 నుంచి 50 మిల్లీహెర్ట్జ్ దగ్గర బలమైన ఊపులు కనిపించాయి. పౌనఃపున్యాన్ని పదివేల రెట్లు పెంచి చెవికి వినిపించేలా చేస్తే వచ్చిన శబ్దం పాడే తోకచుక్క అన్న పేరుతో ప్రపంచమంతా తిరిగింది.

తక్కెడలో పెట్టి చూస్తే ఈ పాట ఏ అయాన్‌దీ కాదు. ఆ దూరంలో సౌర పవన క్షేత్రం 2 నానోటెస్లాలనుకుంటే నీటి అయాన్ పౌనఃపున్యం 1.7 మిల్లీహెర్ట్జ్. తోకచుక్క దగ్గర క్షేత్రం పోగుపడి 10 అయిందనుకున్నా 8.5 దాటదు. అసలు విషయం ఏమిటంటే క్షేత్రం బలం మారినా ఊపు పౌనఃపున్యం దానితో పాటు మారలేదు.

ఎందుకన్నది దూరాలు చూస్తే తెలుస్తుంది. 2 నానోటెస్లాల క్షేత్రంలో నీటి అయాన్ చుట్టు వ్యాసార్థం 37,000 కి.మీ. పైనే. రోజెటా కేంద్రకానికి వంద కిలోమీటర్ల దగ్గర ఉంది. అక్కడ పుట్టిన అయాన్ చక్రం తిరగడం మొదలైనా పెట్టలేదు, విద్యుత్ క్షేత్రం తోపుకు తొలి అడుగు వేస్తోంది అంతే. వలయం లేదు, అనునాదం లేదు. ఎలక్ట్రాన్లు మాత్రం అదే క్షేత్రంలో అప్పటికే చిన్న చిన్న చుట్లు తిరుగుతూ ప్రవాహంతో వెళ్లిపోతున్నాయి. బరువైన అయాన్లు ఒకవైపు, ఎలక్ట్రాన్లు మరోవైపు కదలడమంటే క్షేత్రానికి అడ్డంగా విద్యుత్ ప్రవాహం నడుస్తున్నట్టే. ఆ ప్రవాహమే అస్థిరమై ఊగుతోందన్నది ఇప్పటికి బాగా నిలబడ్డ వివరణ. దీన్ని సవరించిన అయాన్-వైబెల్ అస్థిరత అంటారు.

నవంబరు 12న రోజెటా వదిలిన ఫిలే ల్యాండర్ కిందికి దిగుతుండగా దాని మాగ్నెటోమీటర్, రోజెటా మాగ్నెటోమీటర్ ఒకేసారి అదే ఊపును కొలిచాయి. ఒకే తోకచుక్క దగ్గర రెండు చోట్ల నుంచి ఒక తరంగాన్ని చూసే అవకాశం అరుదు. రెండు రికార్డుల మధ్య ఆలస్యం నుంచి తేలిన తరంగదైర్ఘ్యం కొన్ని వందల కిలోమీటర్లు. పికప్ తరంగపు 82,600 ఎక్కడ, ఇది ఎక్కడ.

తక్కెడ బాగా పనిచేసే చోట్లు తోకచుక్కలకు బయట కూడా ఉన్నాయి. 1995 డిసెంబరులో గెలీలియో నౌక గురుగ్రహపు ఉపగ్రహం అయో పక్క నుంచి వెళ్లినప్పుడు 0.4 హెర్ట్జ్ దగ్గర తరంగాలు కనిపించాయి. అక్కడి క్షేత్రం సుమారు 1,700 నానోటెస్లాలు. 15.25ను 1,700తో గుణించి 400 మిల్లీహెర్ట్జ్‌తో భాగిస్తే 65 దగ్గర వస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్‌ది 64. అగ్నిపర్వతాల పొగను అయస్కాంత సూదితో తూచినట్టయింది. అంగారకుడి దగ్గరైతే దాని వాతావరణం నుంచి జారిపోయే హైడ్రోజన్ 20 సెకన్ల స్థాయి ప్రోటాన్ తరంగాలుగా వినిపిస్తుంది.

ఐరోపా, జపాన్ సంస్థలు కలిసి సిద్ధం చేస్తున్న కామెట్ ఇంటర్‌సెప్టర్‌ను 2029లో ప్రయోగించాలన్నది ప్రణాళిక. అందులో ఒక పెద్ద నౌక, రెండు చిన్నవి ఉంటాయి. మూడూ ఒకే తోకచుక్కను వేర్వేరు దూరాల్లో దాటుతాయి. ఇటా అటా అన్న దిశ సందేహం దీనితో తీరుతుందని ఆశపడటానికి ముందు ఒక లెక్క చూడాలి. నౌకల మధ్య దూరం వెయ్యి కిలోమీటర్లైతే, 82,600 కి.మీ. తరంగంలో అది ఒక ఊపులో 1.2 శాతం, కోణంలో నాలుగు డిగ్రీలు. మాగ్నెటోమీటర్ల గడియారాలు కచ్చితంగా ఉన్నా అల్లకల్లోలం నిండిన రికార్డులో ఆ నాలుగు డిగ్రీలు పట్టడం కష్టం. కేంద్రకానికి దగ్గరలో, క్షేత్రం పోగుపడి ప్రవాహం నెమ్మదించిన చోట తరంగదైర్ఘ్యాలు బాగా తగ్గుతాయి. మూడు నౌకల కొలత పదును తేలేది అక్కడ, రోజెటా వినిపించిన పాట లాంటి పొట్టి తరంగాల మీద.